పెళ్లి కాని తల్లిదండ్రులు, ప్రొటెక్షన్ ఆర్డర్, బిడ్డ కస్టడీ: మొదటి పిటిషన్ నుంచి శాశ్వత ఉత్తర్వు దాకా

దెబ్బలు, బెదిరింపులు భరించలేక సహజీవనం నుంచి బయటికొచ్చిన ఒక తల్లికి కోర్టు ప్రొటెక్షన్ ఆర్డర్ ఇచ్చిందనుకుందాం. అతను ఆమె దగ్గరికి రాకూడదు, ఫోన్ చేయకూడదు. కొద్ది రోజులకే అతను స్కూలు గేటు దగ్గర పాపను బండి ఎక్కించుకుని వెళ్లిపోతాడు. ఆమె పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తితే, "కన్నతండ్రే కదమ్మా, కోర్టులో తేల్చుకోండి" అంటారు. ఆ మాట అనడానికి వాళ్లకు చట్టంలో కొంత ఆధారం కూడా ఉంది. అందుకే మొదటి పిటిషన్ రాసేటప్పుడే బిడ్డ సంగతి ఆలోచించాలి.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ప్రొటెక్షన్ ఆర్డర్ మిమ్మల్ని కాపాడుతుంది, కానీ బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో దానంతటది తేల్చదు. అవి రెండు వేర్వేరు ఉత్తర్వులు. రెండూ అడగాలి. రెండోది అడగకుండా వదిలేసిన వాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఇక్కడ రాసింది ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో నడిచే పద్ధతి. చట్టాలు కేంద్రానివే కాబట్టి మిగతా రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్లకూ చాలావరకు వర్తిస్తుంది.

మొదటి అడుగు: మీ బంధం గృహహింస చట్టం కిందికి వస్తుందా

గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. పెళ్లి చేసుకున్న వాళ్లకే కాదు, "వివాహం లాంటి బంధం"లో ఒకే ఇంట్లో కలిసి బతికిన స్త్రీకి కూడా ఈ చట్టం రక్షణ ఇస్తుంది. ఇప్పుడు విడిగా ఉంటున్నా ఫర్వాలేదు, ఎప్పుడో ఒకప్పుడు కలిసి ఉంటే చాలు. బయటికొచ్చి ఏడాది దాటిపోయింది కాబట్టి పిటిషన్ వేయకూడదని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ చట్టం సెక్షన్ 12 కింద వేసే పిటిషన్‌కు ఏడాది గడువు వర్తించదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది.

అయితే కలిసి ఉన్న ప్రతి జంటా దీని కిందికి రాదు. ఇద్దరికీ పెళ్లి వయసు ఉండాలి, పెళ్లి చేసుకునే అర్హత ఉండాలి, సమాజంలో భార్యాభర్తల్లా మెలిగి ఉండాలి, చెప్పుకోదగ్గ కాలం ఇష్టపూర్వకంగా కలిసి జీవించి ఉండాలి. 2010లో సుప్రీంకోర్టు పెట్టిన కొలమానం ఇది. అతనికి ముందే పెళ్లయిందని తెలిసి కూడా కలిసి ఉంటే ఆ బంధం దీని కిందికి రాదని 2013లో మరో తీర్పు వచ్చింది. తెలియక మోసపోయి ఉంటే, ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది అన్నది తేదీలతో సహా పిటిషన్‌లో రాయించండి.

ఒకవేళ మీ బంధం ఈ కొలమానంలో నిలవకపోయినా బిడ్డ మీద మీ హక్కు ఎక్కడికీ పోదు. కస్టడీకి వేరే చట్టం ఉంది, దాని గురించి కింద చెబుతాను. కొట్టినందుకు, బెదిరించినందుకు, వెంటపడినందుకు భారతీయ న్యాయ సంహిత కింద పోలీస్ కేసు కూడా పెట్టొచ్చు.

రెండో అడుగు: చట్టం దృష్టిలో బిడ్డకు సంరక్షకులు ఎవరు

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956లోని సెక్షన్ 6(బి) చదివి గుర్తుపెట్టుకోండి. పెళ్లి బంధం బయట పుట్టిన మైనర్ కొడుకుకు గానీ, పెళ్లికాని మైనర్ కూతురికి గానీ సహజ సంరక్షకురాలు తల్లి. ఆమె తర్వాతే తండ్రి. పెళ్లయిన దంపతుల విషయంలో ఇదే సెక్షన్ తండ్రిని ముందు పెడుతుంది. అంటే ఈ ఒక్క విషయంలో చట్టం పెళ్లికాని తల్లి వైపే గట్టిగా నిలబడింది. బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఉన్నంత మాత్రాన ఈ క్రమం మారదు. బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు కూడా ఇదే చట్టం.

క్రైస్తవ తల్లుల విషయంలో 2015 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలా విలువైనది. పెళ్లికాని ఒక క్రైస్తవ తల్లి, తండ్రి పేరు బయటపెట్టకుండా, అతనికి నోటీసు పంపకుండా తనను బిడ్డకు గార్డియన్‌గా ప్రకటించమని అడిగింది. బిడ్డను ఎన్నడూ పట్టించుకోని తండ్రికి నోటీసు తప్పనిసరి కాదని కోర్టు ఒప్పుకుంది. పెళ్లికాని తల్లి అఫిడవిట్ ఇస్తే బిడ్డకు బర్త్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిందేనని కూడా చెప్పింది. ముస్లిం తల్లుల విషయంలో, పెళ్లి బయట పుట్టిన కూతురి కస్టడీ తల్లిదేనని 1960 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. గుళ్లో దండలు మార్చుకున్నారు, రిజిస్ట్రేషన్ లేదు, ఏళ్ల తరబడి కాపురం చేశారు. దీన్ని పెళ్లి అందామా, సహజీవనం అందామా? చాలాకాలం భార్యాభర్తల్లా బతికిన జంటకు పెళ్లయినట్టే కోర్టు భావించే అవకాశం ఉంది. అలా భావిస్తే తండ్రి కూడా సహజ సంరక్షకుడినని వాదిస్తాడు. కాబట్టి గృహహింస పిటిషన్‌లో "మా పెళ్లి ఫలానా గుళ్లో జరిగింది" అని రాసి, కస్టడీ పిటిషన్‌లో "మాకు పెళ్లి కాలేదు" అని రాస్తే అవతలి లాయర్ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. జరిగింది జరిగినట్టు, అన్ని చోట్లా ఒకేలా చెప్పండి. లాయర్ రాసిన డ్రాఫ్ట్ తెలుగులో చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

ఎవరు సహజ సంరక్షకులైనా, చివరికి కోర్టు చూసేది బిడ్డ క్షేమం. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సెక్షన్ 13 ఈ మాటే చెబుతుంది. తల్లినన్న ఒక్క కారణం మీదే ఆధారపడకుండా, బిడ్డ మీ దగ్గర ఎలా పెరుగుతోందో చూపించగలగాలి.

మూడో అడుగు: కాగితాలు, సాక్ష్యాలు

బంధం ఉందని చూపేవి, హింస జరిగిందని చూపేవి, బిడ్డను పెంచుతున్నది మీరేనని చూపేవి అని మూడు ఫైళ్లు పెట్టుకోండి. మొదటి దాంట్లో ఇంటి అద్దె అగ్రిమెంట్, ఒకే చిరునామా ఉన్న ఆధార్ కార్డులు, ఫొటోలు, ఇద్దరి పేర్లూ ఉన్న ఆసుపత్రి కాన్పు రికార్డు. రెండో దాంట్లో డాక్టర్ చీటీలు, గాయాల ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు, పక్కింటివాళ్ల సాక్ష్యం, 112కి కాల్ చేసి ఉంటే ఆ తేదీ. మూడో దాంట్లో టీకా కార్డు, స్కూలు ఫీజు రసీదులు, పేరెంట్ టీచర్ మీటింగుల్లో మీ సంతకాలు. గృహహింస కేసుల్లో అందరూ రెండో ఫైల్ మీదే దృష్టి పెడతారు. కస్టడీని నిలబెట్టేది మాత్రం మూడోదే.

మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసినా అసలు ఫోన్‌లో డిలీట్ చేయకండి. పాత ఫోన్ అమ్మేయకండి. అతనికి మీ పాస్‌వర్డులు తెలిసి ఉంటే వెంటనే మార్చండి, బిడ్డ ట్యాబ్‌లో లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి.

నాలుగో అడుగు: ఎక్కడ, ఎవరి ద్వారా వేయాలి

గృహహింస చట్టం సెక్షన్ 12 కింద పిటిషన్ మేజిస్ట్రేట్ కోర్టులో వేయాలి. దీన్నే మన దగ్గర డీవీసీ కేసు అంటారు. మీరు హైదరాబాద్‌లో కాపురం చేసి ఇప్పుడు గుంటూరులో పుట్టింట్లో తలదాచుకుంటుంటే గుంటూరులోనే వేయొచ్చు. తాత్కాలికంగా ఉంటున్న చోటు కూడా సరిపోతుందని సెక్షన్ 27 చెబుతుంది. అక్కడ ఇచ్చిన ఆర్డర్ దేశమంతా చెల్లుతుంది.

నేరుగా లాయర్ ద్వారా వేయొచ్చు, ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా కూడా వేయొచ్చు. జిల్లా మహిళా, శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగితే ఆ ఆఫీసర్ ఎవరో చెబుతారు. ఆయన లేదా ఆమె జరిగిన హింస మీద డీఐఆర్ అనే రిపోర్టు తయారుచేసి కోర్టుకు పంపుతారు. డీఐఆర్ లేకపోయినా కోర్టు ఆర్డర్ ఇవ్వొచ్చని 2022 తీర్పు ఒకటి ఉంది, కాబట్టి దానికోసం నెలల తరబడి తిరగాల్సిన పని లేదు.

డబ్బు లేదని ఆగిపోకండి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే లాయర్‌ను పెడతారు. హెల్ప్‌లైన్ 15100. తక్షణ సాయానికి 181, పిల్లలకు 1098. హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రాల్లో కొద్ది రోజులు బస కూడా దొరుకుతుంది.

ఐదో అడుగు: పిటిషన్‌లో ఏం అడగాలి

మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే, కాబట్టి నెమ్మదిగా చదవండి. చాలా పిటిషన్లలో "సెక్షన్ 18, 19, 20, 21, 22 కింద తగిన ఉత్తర్వులు ఇవ్వగలరు" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. అలా రాస్తే వచ్చే ఆర్డర్ కూడా అంతే పొడిగా ఉంటుంది.

సెక్షన్ 21 కింద బిడ్డ తాత్కాలిక కస్టడీ మీకు ఇవ్వమని అడగాలి. కేసు నడుస్తుండగా ఏ దశలోనైనా మేజిస్ట్రేట్ ఇది ఇవ్వొచ్చు. వేరే చట్టాల్లో ఏమున్నా సరే ఇవ్వొచ్చని ఆ సెక్షన్‌లోనే ఉంది. బిడ్డ ఇప్పటికే మీ దగ్గరే ఉంది కదా, మళ్లీ అడగడం దేనికి అనుకోకండి. చేతిలో రాతపూర్వక ఆర్డర్ ఉంటేనే స్కూలు వాళ్లు, పోలీసులు కదులుతారు.

సెక్షన్ 18 ప్రొటెక్షన్ ఆర్డర్‌లోనే బిడ్డ ప్రస్తావన ఉండేలా చూడండి. దీనికి బలమైన కారణం ఉంది. ప్రొటెక్షన్ ఆర్డర్‌ను ఉల్లంఘిస్తే సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, అది నాన్‌బెయిలబుల్ నేరం. కానీ ఆ సెక్షన్‌లో ఉన్న మాట "ప్రొటెక్షన్ ఆర్డర్" అనే. కస్టడీ ఆర్డర్‌ను మాత్రమే ఉల్లంఘిస్తే సెక్షన్ 31 వర్తించదని అవతలి పక్షం వాదిస్తుంది. సెక్షన్ 18లో చివరి క్లాజు, ఆర్డర్‌లో పేర్కొన్న "మరే ఇతర చర్యనైనా" నిషేధించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఇస్తుంది. దాన్ని వాడుకోవాలి. పిటిషన్‌లో ఇలా రాయించండి: ప్రతివాది ఫలానా స్కూలుకు, డే కేర్‌కు, ట్యూషన్‌కు వెళ్లకూడదు, బిడ్డను తల్లి దగ్గర నుంచి స్వయంగా గానీ, బంధువుల ద్వారా గానీ తీసుకెళ్లకూడదు, బిడ్డ ఫోన్ ద్వారా తల్లికి కబురు పంపకూడదు. స్కూలు పేరు, వీధి పేరు అన్నీ ఉండాలి. మీరు రహస్యంగా ఉంటున్న చోటు అతనికి తెలియకూడదనుకుంటే మాత్రం ఆ చిరునామా రాయొద్దని లాయర్‌కు ముందే చెప్పండి.

సెక్షన్ 19(7) కింద, ఆర్డర్ అమలుకు సహకరించమని స్థానిక స్టేషన్ ఆఫీసర్‌ను ఆదేశించమని అడగండి. ఈ ఒక్క లైను ఉంటే స్టేషన్‌లో మాట తీరే మారిపోతుంది.

సెక్షన్ 20 కింద బిడ్డ ఖర్చులు అడగండి. పెళ్లి బయట పుట్టిన బిడ్డకు కూడా తండ్రి భరణం ఇవ్వాల్సిందే. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 144 కింద కూడా అది అడగొచ్చు. 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ వేయాలి, కాబట్టి మీ వివరాలు ముందే సిద్ధం చేసుకోండి. "భరణం అడిగితే బిడ్డను అడుగుతాడు" అన్న భయంతో చాలామంది తల్లులు ఊరుకుంటారు. భరణం బిడ్డ హక్కు. దాన్ని వదులుకున్నంత మాత్రాన కస్టడీ అడగకుండా అతన్ని ఎవరూ ఆపలేరు.

చివరగా, ప్రమాదం దగ్గర్లోనే ఉంటే సెక్షన్ 23 కింద అతని వాదన వినకముందే ఎక్స్‌పార్టీ మధ్యంతర ఆర్డర్ ఇవ్వమని అఫిడవిట్‌తో అడగండి. అందులో సెక్షన్ 18తో పాటు 21 కూడా ఉండాలి. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో ఉండాలని, కేసు 60 రోజుల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది. వాస్తవంలో అంతకన్నా చాలా ఎక్కువ కాలమే పడుతుంది, అందుకే మధ్యంతర ఆర్డర్‌కు అంత విలువ.

ఆరో అడుగు: అతను బిడ్డను చూడటం గురించి

ప్రొటెక్షన్ ఆర్డర్ ఉంది కాబట్టి అతను ఎప్పటికీ బిడ్డను చూడలేడని అనుకోవడం పొరపాటు. సెక్షన్ 21లోనే, అవసరమైతే ప్రతివాది బిడ్డను చూసే ఏర్పాట్లు ఆర్డర్‌లో రాయొచ్చని ఉంది. ఆ చూపు బిడ్డకు హాని చేస్తుందని మేజిస్ట్రేట్ భావిస్తే మాత్రం నిరాకరించి తీరాలి. అందుకని "చూపించను" అని మొండిగా వాదించడం కన్నా, హాని ఏమిటో చూపించడం మేలు. బిడ్డ ఎదుటే కొట్టాడా, బిడ్డను కొట్టాడా, తాగి బండి నడిపాడా, బిడ్డతో "మీ అమ్మను చంపేస్తా" అన్నాడా అన్నవి తేదీలతో చెప్పండి. లైంగిక వేధింపు అనుమానం ఉంటే అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) విషయం. వెంటనే 1098కి గానీ, పోలీసులకు గానీ చెప్పాలి, డీవీసీ వాయిదా దాకా ఆగకూడదు.

అంత ప్రమాదం లేకపోతే కోర్టు ఏదో ఒక రూపంలో చూడనిస్తుంది. అప్పుడు షరతులు మీరే ప్రతిపాదించండి: ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ చోట, ఎవరి సమక్షంలో. కోర్టు ఆవరణలో గానీ, ప్రొటెక్షన్ ఆఫీసర్ సమక్షంలో గానీ అయితే నయం. బిడ్డను అప్పగించేది మీరు కాకుండా మీ అక్కో, మేనమామో అయ్యేలా రాయించండి. అప్పుడు మీరిద్దరూ ఎదురుపడే పని ఉండదు, ప్రొటెక్షన్ ఆర్డర్‌కూ విఘాతం కలగదు. వీడియో కాల్ అయితే ఏ నంబర్‌కు, ఎన్ని నిమిషాలు అన్నది కూడా రాయాలి. "వీలును బట్టి ఇద్దరూ మాట్లాడుకుని చూపించుకోవాలి" అని రాసిన ఆర్డర్ హింస ఉన్న చోట పనికిరాదు. ఆ మాట్లాడుకోవడమే అతనికి మళ్లీ తలుపు తెరుస్తుంది.

ఇంకో మాట. పెద్దమనుషులు కూర్చోబెట్టి, బాండు పేపరు మీద "బిడ్డ తండ్రి దగ్గర ఉంటుంది, తల్లి కేసు వెనక్కి తీసుకుంటుంది" అని సంతకాలు పెట్టించడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. అలాంటి కాగితానికి కోర్టు కట్టుబడి ఉండదు, బిడ్డ క్షేమాన్నే చూస్తుంది. అయినా మీరు ఇష్టపడే బిడ్డను ఇచ్చారని దాన్ని తర్వాత సాక్ష్యంగా వాడతారు. అందుకే సంతకం పెట్టకండి.

ఏడో అడుగు: ఆర్డర్ చేతికొచ్చిన రోజున

కాపీలు ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 24 చెబుతుంది. సర్టిఫైడ్ కాపీ తీసుకుని స్టేషన్‌లో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. స్కూలు హెడ్మాస్టర్‌కు ఒక కాపీతో పాటు, బిడ్డను తీసుకెళ్లడానికి ఎవరికి అనుమతి ఉందో పేర్లు రాసి లెటర్ ఇవ్వండి. స్కూలు బస్సు, ఆటో డ్రైవర్లకూ చెప్పాలి. ఫోన్‌లో ఆర్డర్ ఫొటో పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: బిడ్డను ఎత్తుకెళ్లిపోతే

పోలీసులు కిడ్నాప్ కేసు కట్టడానికి వెనకాడతారని ముందే చెప్పాను. కారణం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 137లోని మినహాయింపు. పెళ్లి బయట పుట్టిన బిడ్డకు తానే తండ్రినని మంచి విశ్వాసంతో నమ్మే వ్యక్తి ఆ బిడ్డను తీసుకెళ్తే, చెడు ఉద్దేశం గానీ, చట్టవిరుద్ధ ఉద్దేశం గానీ లేనంత వరకు, అది ఆ సెక్షన్ కింద నేరం కాదు. అందుకే కిడ్నాప్ అని వాదిస్తూ సమయం పోగొట్టుకోకండి. ప్రొటెక్షన్ ఆర్డర్‌లో "బిడ్డను తీసుకెళ్లకూడదు" అని ఉంటే సెక్షన్ 31 కింద ఫిర్యాదు రాసివ్వండి, ఆర్డర్ కాపీ జతచేయండి. అదే రోజు మేజిస్ట్రేట్ ముందు పిటిషన్ వేయించండి. ఆచూకీ తెలియకపోయినా, అతను బిడ్డను అప్పగించకపోయినా హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) వేయొచ్చు. బిడ్డ చిన్నదైతే, తల్లే సహజ సంరక్షకురాలైతే ఆ దారిలో త్వరగా ఫలితం రావొచ్చు.

తొమ్మిదో అడుగు: శాశ్వత కస్టడీకి వేరే కేసు

సెక్షన్ 21 ఇచ్చేది తాత్కాలిక కస్టడీయే. డీవీసీ ముగిసినా, కొట్టేసినా దాని ఆయువు అక్కడితో అయిపోవచ్చు. కాబట్టి ఫ్యామిలీ కోర్టులో, అది లేని చోట జిల్లా కోర్టులో, గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 కింద పిటిషన్ వేసుకోవాలి. లాయర్లు దీన్ని జీడబ్ల్యూఓపీ అంటారు. డీవీసీలా మీరు తాత్కాలికంగా ఉన్నచోట దీన్ని వేయలేరు. బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులోనే వేయాలి. మొన్ననే ఊరు మారారంటే అవతలి పక్షం దీనిమీదే అభ్యంతరం పెడుతుంది, కొత్త స్కూలు అడ్మిషన్, నివాస ఆధారాలు అందుకు పనికొస్తాయి. కేసు నడిచేలోపు మధ్యంతర కస్టడీ ఈ 1890 చట్టంలోని సెక్షన్ 12 కింద అడగొచ్చు. బిడ్డకు ఊహ తెలిసి ఉంటే జడ్జి ఛాంబర్‌లో మాట్లాడతారు. ఏం చెప్పాలో నేర్పించి పంపకండి, పిల్లలు ఇరుకున పడతారు, జడ్జికి తెలిసిపోతుంది కూడా.

తండ్రి వైపు నుంచి

మీ మీద ప్రొటెక్షన్ ఆర్డర్ వచ్చి ఉంటే, అది అన్యాయమని మీకు అనిపించినా, ముందు దాన్ని పాటించండి. ఆమెకు గానీ, బిడ్డకు గానీ ఆర్డర్‌కు విరుద్ధంగా ఒక్క మెసేజ్ పంపినా మీ కస్టడీ కేసు అక్కడే బలహీనపడుతుంది. సెషన్స్ కోర్టులో 30 రోజుల్లో అప్పీల్ చేయొచ్చు. పరిస్థితులు మారితే సెక్షన్ 25(2) కింద ఆర్డర్ మార్చమని అదే కోర్టును అడగొచ్చు. బిడ్డను చూసే ఏర్పాటు కోసం సెక్షన్ 21 కిందే పిటిషన్ వేయండి, జీడబ్ల్యూఓపీలో కూడా అడగొచ్చు. తల్లి బతికుండగా మీరు సహజ సంరక్షకుడు కాకపోయినా, బిడ్డ క్షేమం కోరుతుందని చూపగలిగితే కోర్టు మీకు కూడా కస్టడీ ఇవ్వగలదు. ఆమె వల్లే బిడ్డకు హాని ఉంటే ఆ ఆధారాలు పెట్టండి. ఈ గృహహింస చట్టం కింద పురుషులు పిటిషన్ వేయలేరు, కాబట్టి మీ దారి ఫ్యామిలీ కోర్టే. భరణం సకాలంలో కట్టిన రసీదులు మీ వైపు మాట్లాడతాయి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడ ప్రతి రాష్ట్రానికీ వేరే చట్టం. కాలిఫోర్నియాలో పెళ్లికాని తండ్రి కస్టడీ అడగాలంటే ముందు పితృత్వం చట్టబద్ధంగా నిరూపణ కావాలి. రెస్ట్రెయినింగ్ ఆర్డర్ (అక్కడి ప్రొటెక్షన్ ఆర్డర్) కోసం వేసే దరఖాస్తుతో పాటే బిడ్డ కస్టడీ ఫారం జతచేయొచ్చు, ఫీజు లేదు. గత ఐదేళ్లలో అతను గృహహింసకు పాల్పడ్డాడని కోర్టు తేలిస్తే, అతనికి కస్టడీ ఇవ్వడం బిడ్డకు మంచిది కాదన్న భావనతోనే కోర్టు మొదలుపెడుతుంది, కాదని నిరూపించుకునే భారం అతనిదే. ఒక రాష్ట్రం ఇచ్చిన ప్రొటెక్షన్ ఆర్డర్ మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. భయంతో బిడ్డను తీసుకుని ఇండియాకు విమానం ఎక్కేముందు అక్కడి లాయర్‌ను అడగండి, కోర్టు అనుమతి లేకుండా బయలుదేరితే మీ మీదే కేసు పడొచ్చు. పిల్లల అపహరణ మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అందువల్ల ఇక్కడి కోర్టులు విదేశీ ఆర్డర్‌ను ఒక అంశంగా మాత్రమే తీసుకుని బిడ్డ క్షేమాన్ని విడిగా విచారిస్తాయి. దానర్థం విచారణ ఇక్కడా ఎదుర్కోవాలి, కాబట్టి అక్కడి పోలీస్ రిపోర్టులు, ఆసుపత్రి రికార్డులు, కోర్టు ఆర్డర్ల సర్టిఫైడ్ కాపీలు వెంట తెచ్చుకోండి.